కణంలో కుదరని మడత, ఒంట్లో చల్లారని వాపు

ఏడాదికోసారి చేయించుకునే రక్తపరీక్షల ప్యాకేజీల్లో ఈమధ్య హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే పరీక్ష కూడా చేరింది. సి-రియాక్టివ్ ప్రొటీన్ అతి తక్కువగా ఉన్నా పట్టుకునే పరీక్ష అది. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే గుండెజబ్బు ముప్పు ఎక్కువ ఉన్నవారి కింద లెక్క. నివేదిక చేతికొచ్చిన మనిషికి జ్వరం ఉండదు, దెబ్బ తగిలి ఉండదు, ఒంటిమీద ఎక్కడా వాచి ఉండదు. అయినా లోపల ఎక్కడో వాపు ప్రక్రియ నడుస్తోందని ఆ అంకె చెబుతుంది. ఎక్కడ, ఎందుకు అన్నది మాత్రం చెప్పదు. సరిగ్గా ఆ ఖాళీలోకే పసుపు మాత్రలు, రకరకాల గింజల పొడులు, ‘యాంటీ ఇన్‌ఫ్లమేటరీ’ అని పెద్ద అక్షరాలతో రాసిన సీసాలు వచ్చి కూర్చుంటున్నాయి.

మంట అనగానే నీళ్లు చల్లాలనిపించడం సహజమే. కానీ దీర్ఘకాలిక వాపు ప్రక్రియను ఆర్పాల్సిన మంటగా మాత్రమే చూస్తే అసలు ప్రశ్న పక్కకు పోతుంది. క్రిమి లేదు, గాయం లేదు. మరి రోగనిరోధక వ్యవస్థను పిలిచింది ఎవరు? గత పాతికేళ్ల పరిశోధనల్లో దీనికి దొరికిన జవాబుల్లో ఒకటి కణం లోపలి నుంచే వచ్చింది. తాను తయారుచేస్తున్న ప్రొటీన్లను సరిగా మడతపెట్టలేక సతమతమవుతున్న కణమే ఆ కబురు పంపుతోందన్నది ఆ జవాబు. ఇది అన్ని జబ్బులకూ సరిపోదు. సరిపోయిన చోట మాత్రం చికిత్స గురించి, ప్రచారం గురించి, దుకాణంలో కొనే ఆ సీసాల గురించి ఆలోచించే తీరు మారక తప్పదు.

ప్రొటీన్ పుట్టేటప్పుడు అమైనో ఆమ్లాల దండ మాత్రమే. అది తన ఆకారంలోకి మడతపడితేనే పనికొస్తుంది. ఎంత మంచి చీరైనా కుచ్చిళ్లు కుదరకపోతే కట్టు నిలవదు కదా. ఈ మడతల శాస్త్రంలో మన దేశానికి గట్టి వాటానే ఉంది. దండలోని ఏ కీలు ఎంత కోణంలో తిరగగలదో, ఎంత తిరగలేదో లెక్కగట్టి 1963లో జి.ఎన్. రామచంద్రన్ మద్రాసులో తన సహచరులతో కలిసి గీసిన పటం నేటికీ ప్రపంచమంతటా ప్రొటీన్ నిర్మాణాలను సరిచూసే తూకపురాయి. దండలోని వరుసే దాని తుది ఆకారాన్ని నిర్ణయిస్తుందని చూపినందుకు క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్‌కు 1972లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. వరుసను బట్టి ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించినందుకు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024 నోబెల్‌లో సగం దక్కింది. దాంతో మడత సమస్య తీరిపోయిందన్న మాట అక్కడక్కడా వినిపించింది. తీరింది కాగితం మీద సమస్య. కిక్కిరిసిన కణంలో, క్షణక్షణానికీ కొత్త దండలు వచ్చిపడుతుండగా, ఒకదానికొకటి అంటుకుపోకుండా వాటిని మడతపెట్టడం వేరే సంగతి. ఆ పని ఏ రోజుకారోజు కొత్తగా చేయాల్సిందే.

కణం తయారుచేసే ప్రొటీన్లలో దాదాపు మూడో వంతు ఒకే కార్ఖానా గుండా వెళతాయి. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు అంతర్జీవద్రవ్య జాలకం. పరిశోధకులు వాడే పేరు ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, పొట్టిగా ఈఆర్. కణం బయటికి పంపాల్సిన సరుకు, కణం పైపొరలో అమర్చాల్సిన సరుకు ఎక్కువగా ఇక్కడే మడతపడుతుంది. ఛాపరోన్లు అనే సహాయక ప్రొటీన్లు దండను పట్టుకుని నిలబెడతాయి, కొన్ని ఎంజైములు గంధకపు ముడులు వేస్తాయి, చక్కెర గొలుసులు అతికిస్తాయి, మడత కుదరనిదాన్ని వెనక్కి పంపుతాయి. క్లోమంలోని బీటా కణాన్నే చూడండి. ఇన్సులిన్‌కు ముందు రూపమైన ప్రోఇన్సులిన్ 86 అమైనో ఆమ్లాల దండ. దానికి మూడు గంధకపు ముడులు సరైన చోట్ల పడాలి. భోజనం చేశాక ఒక్కో బీటా కణం నిమిషానికి దాదాపు పది లక్షల ప్రోఇన్సులిన్ అణువులు తయారుచేయగలదని అంచనా. ఒక్కొక్క దానికి మూడేసి ముడులు. ఎక్కడో ఒకచోట తప్పు జరగకపోతేనే ఆశ్చర్యం.

కళ్లం నిండితే

కోతల కాలంలో ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని చూసినవారికి ఈ తర్వాతి కథ కొత్తగా అనిపించదు. కళ్లం నిండిపోయింది. కాంటాలు చాలడం లేదు, హమాలీలు చాలడం లేదు, మిల్లుకు వెళ్లిన లారీ తిరిగి రాలేదు. నిర్వాహకులు మొదట చేసేది కొత్త టోకెన్లు ఆపడం. తర్వాత అదనపు హమాలీలను, కాంటాలను తెప్పిస్తారు. తడిసి మొలకెత్తిన ధాన్యాన్ని పక్కకు తీయిస్తారు. ఈఆర్‌లో మడతపడని దండలు పేరుకుపోయినప్పుడు కణం చేసేది కూడా సరిగ్గా ఈ మూడు పనులే. ఆ ఇబ్బందినే ఈఆర్ ఒత్తిడి అంటారు. దానికి కణం స్పందించే తీరుకు అన్‌ఫోల్డెడ్ ప్రొటీన్ రెస్పాన్స్ అని పేరు.

మడత చెడిన ప్రొటీన్లు పోగుపడితే ఈఆర్ నుంచి కణకేంద్రకానికి కబురు వెళుతుందని 1988లో జో శాంబ్రూక్, మేరీ జేన్ గెథింగ్‌ల బృందం డల్లాస్‌లో గుర్తించింది. ఆ కబురు మోసేది ఎవరో తేలడానికి మరో ఐదేళ్లు పట్టింది. సాన్ ఫ్రాన్సిస్కోలో పీటర్ వాల్టర్ బృందం, డల్లాస్‌లో పనిచేస్తున్న కజుతోషి మోరి ఒకే ఏడాది, 1993లో, రొట్టెల తయారీకి వాడే ఈస్ట్‌లోనే ఐఆర్‌ఈ1 అనే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. 2014లో ఇద్దరికీ కలిపి లాస్కర్ పురస్కారం ఇచ్చారు. మనిషి జబ్బుల్లో ఇంత ముఖ్యమైన తీగ ఈస్ట్ డబ్బాలో దొరికిందన్న సంగతిని, ‘ఈ పరిశోధన వల్ల ప్రజలకేం లాభం’ అని మొదటి రోజే అడిగే నిధుల కమిటీలు ఒకసారి గుర్తుచేసుకోవాలి.

మనలాంటి జీవుల్లో ఈఆర్ గోడకు మూడు కాపలా ప్రొటీన్లు ఉంటాయి: ఐఆర్‌ఈ1, పెర్క్, ఏటీఎఫ్6. మామూలు రోజుల్లో బిప్ అనే ఛాపరోన్ వీటిని పట్టుకుని ఉంటుంది. మడతపడని దండలు పెరిగితే బిప్ అటు పరుగెడుతుంది, చెయ్యి వదిలిన కాపలాదారులు మేల్కొంటారు. దండలు నేరుగా తగిలినా ఐఆర్‌ఈ1 మేల్కొంటుందని ఈస్ట్‌లో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. పెర్క్ టోకెన్లు ఆపుతుంది, అంటే కణంలో ప్రొటీన్ల తయారీనే నెమ్మదింపజేస్తుంది. ఏటీఎఫ్6 కేంద్రకంలోకి వెళ్లి ఛాపరోన్ల సంఖ్య పెంచుతుంది. ఐఆర్‌ఈ1 చేసే పని మరీ విచిత్రం. ఎక్స్‌బీపీ1 అనే ప్రొటీన్‌కు సంబంధించిన ఆర్‌ఎన్‌ఏ సందేశంలోంచి 26 అక్షరాలు కత్తిరిస్తుంది. కత్తిరించాకే ఆ సందేశం పూర్తి అర్థమిచ్చే ఆజ్ఞ అవుతుంది. దాని ప్రకారం తయారైన ఎక్స్‌బీపీ1 ఈఆర్‌నే విస్తరింపజేస్తుంది. కళ్లం పెద్దదవుతుంది.

ఇవన్నీ చేసినా రద్దీ తగ్గకపోతే కణం తనను తాను చంపుకుంటుంది. బీటా కణాల విషయంలో ఆ చావే మధుమేహం. పెర్క్ జన్యువు పుట్టుకతోనే పాడైన పిల్లలకు పసితనంలోనే మధుమేహం వస్తుంది. వొల్కాట్-రాలిసన్ సిండ్రోమ్ అనే ఆ అరుదైన జబ్బు వెనుక ఉన్నది పెర్క్ లోపమేనని 2000లో తేలింది. టోకెన్లు ఆపే మనిషి లేని కళ్లం అది.

రైతులు రోడ్డెక్కడం

ఇంతవరకూ కథ కణం నాలుగు గోడల మధ్యే. చావడానికీ సర్దుకోవడానికీ మధ్య చాలా కాలం గడిపే కణాలుంటాయి. కొవ్వు కణం, కాలేయ కణం అలా ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉండగలవు. వాపు ప్రక్రియ మొదలయ్యేది ఆ మధ్యకాలంలో. ధాన్యం కదలక రెండు వారాలైతే రైతులు రోడ్డెక్కినట్టు.

ఆ కబురు బయటికి పోయే దారులు ఇప్పుడు చాలావరకు తెలుసు. న్యూయార్క్‌లో డేవిడ్ రాన్ బృందం 2000లో ఒకటి చూపింది. మేల్కొన్న ఐఆర్‌ఈ1 ట్రాఫ్2 అనే ప్రొటీన్‌ను దగ్గరికి లాగి, దాని ద్వారా జేఎన్‌కే అనే ఎంజైమును రగిలిస్తుంది. ఇదే జేఎన్‌కే ఇన్సులిన్ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ మీద తప్పు చోట ఫాస్ఫేట్ ముద్ర వేయగలదు. అంటే ఒకే మీట నొక్కితే అటు వాపు సంకేతాలు పెరుగుతాయి, ఇటు ఇన్సులిన్ మాట కణానికి వినబడకుండా పోతుంది.

రెండో దారి ఇంకా ఆలోచింపజేస్తుంది. వాపు సంకేతాల్లో పెద్ద మీట ఎన్‌ఎఫ్-కప్పా-బి. మామూలుగా దాన్ని ఐ-కప్పా-బి అనే కాపలా ప్రొటీన్ కట్టిపడేసి ఉంచుతుంది. ఈ కాపలాదారు ఆయుష్షు తక్కువ. ఎప్పటికప్పుడు కొత్తవారు డ్యూటీలోకి రావాలి. పెర్క్ ప్రొటీన్ల తయారీ నెమ్మదింపజేయగానే కొత్త కాపలాదారులు రావడం తగ్గిపోతుంది. పాతవారు వెళ్లిపోతారు. ఎన్‌ఎఫ్-కప్పా-బి తాళ్లు తెంచుకుని కేంద్రకంలోకి నడుస్తుంది. కణం తనను కాపాడుకోవడానికి వేసిన బ్రేకే వాపు తలుపు తెరిచిందన్నమాట.

మూడోది ఈ వ్యాసం మొదట్లో చెప్పిన రక్తపరీక్షకే వెళ్లి తగులుతుంది. కాలేయ కణాల ఈఆర్‌లో క్రెబ్-హెచ్ అనే మరో ప్రొటీన్ ఉంటుంది. ఈఆర్ ఒత్తిడిలో అది తెగి, కేంద్రకంలోకి వెళ్లి, సి-రియాక్టివ్ ప్రొటీన్ తయారీకి ఆజ్ఞ ఇస్తుందని రాండల్ కౌఫ్‌మన్ బృందం 2006లో చూపింది. నివేదికలో 3 దాటిన ఆ అంకె వెనుక కాలేయంలోని మడత ఇబ్బంది కూడా ఉండవచ్చు. ప్రతిసారీ అదే కారణమని దీనర్థం కాదు. చిగుళ్ల జబ్బు ఉన్నా, పొగతాగినా, మొన్న వచ్చిపోయిన జలుబు వల్లైనా ఆ అంకె పెరుగుతుంది.

స్థూలకాయుల కొవ్వు కణజాలంలో వాపు సంకేతమైన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా తయారవుతోందని గోఖాన్ హోటామిస్లిగిల్ తదితరులు 1993లో ఎలుకల్లో కనుగొన్నారు. కొవ్వు అంటే శక్తిని దాచే గాదె మాత్రమే అనుకునే రోజుల్లో అది పెద్ద కుదుపు. గాదెలో పొగ ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు హార్వర్డ్‌లోని అదే ప్రయోగశాల 2004లో ఇచ్చిన జవాబు ఈఆర్ ఒత్తిడి. లావెక్కిన ఎలుకల కాలేయంలో, కొవ్వులో ఆ గుర్తులన్నీ కనిపించాయి. ఎక్స్‌బీపీ1 సగం తగ్గిన ఎలుకలు ఎక్కువ కొవ్వు మేత తిని ఇన్సులిన్ నిరోధకతలోకి జారిపోయాయి. మోతాదు మించిన తిండి కణానికి ఎలా భారమవుతుందన్నదీ కొంత తెలుసు. మేతలోని సంతృప్త కొవ్వులు ఈఆర్ పొరలోకి చేరి దాన్ని బిరుసెక్కిస్తాయి. పొర మారినంత మాత్రానే, లోపల మడతపడని దండలు లేకపోయినా, ఐఆర్‌ఈ1, పెర్క్ మేల్కొనగలవు.

ఒక మెలిక ఉంది. వాపు ప్రక్రియ తిరిగి వచ్చి ఈఆర్‌నే దెబ్బతీస్తుంది. లావెక్కిన ఎలుకల కాలేయంలో వాపు వల్ల పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ ఐఆర్‌ఈ1 మీద అంటుకుని, దాని కత్తెర పదును పోగొడుతుందని హోటామిస్లిగిల్ బృందమే 2015లో చూపింది. కత్తెర మొద్దుబారితే ఎక్స్‌బీపీ1 తయారు కాదు, కళ్లం పెద్దదవదు, రద్దీ మరింత పెరుగుతుంది. విత్తు ముందా చెట్టు ముందా అన్న వాదన ఇక్కడ అనవసరం. ఒకసారి తిరగడం మొదలయ్యాక ఇది చక్రం.

చక్రం ఎటువైపు నుంచి మొదలైందో తేల్చుకోవడానికి ఊబకాయం మంచి ఉదాహరణ కాదు, అందులో అన్నీ కలగలిసి ఉంటాయి. పేగు నయం. పేగు లోపలి జిగురు పొరకు మూలమైన మ్యూక్2 చాలా పెద్ద ప్రొటీన్, మడతపెట్టడం కష్టం. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిన ఎలుకల్లో మ్యూక్2 ఈఆర్‌లోనే చిక్కుకుపోయింది. ఏ క్రిమినీ ఎక్కించకుండానే వాటికి పెద్దపేగు వాపు వచ్చింది. 2008లో ఈ ఫలితం వెలువడిన ఏడాదే మరో బృందం పేగు పైపొర కణాల్లో ఎక్స్‌బీపీ1ను తీసేసి చూసింది. అక్కడా చిన్నపేగులో వాపు. మనుషుల్లో ఎక్స్‌బీపీ1 జన్యువులోని కొన్ని తేడాలకూ క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ జబ్బులకూ సంబంధం ఉందని అదే పరిశోధన చెప్పింది. మొదటి తప్పు మడతదే అని, వాపు ఆ తర్వాతే వచ్చిందని నిస్సందేహంగా చూపినవి ఇవే. మధుమేహం గురించి రాసేవారు పేగును మరిచిపోతుంటారు కానీ, ఈ వాదనకు అన్నిటికంటే గట్టి స్తంభం అక్కడుంది.

సీసాలో పోసిన ఆశ

ఇంత తెలిశాక తర్వాతి అడుగు తేలికనిపిస్తుంది. మడతకు సాయపడే మందు ఇస్తే సరి. 2006లో హార్వర్డ్ బృందం రెండు చిన్న రసాయనాలను ఎలుకలకిచ్చింది. ఒకటి ఫినైల్ బ్యూటిరేట్. రెండోది టీయూడీసీఏ అనే పైత్యరసపు ఆమ్లం. దాని పేరులోని ‘ఉర్సో’ అంటే ఎలుగుబంటి, చైనా సంప్రదాయ వైద్యం శతాబ్దాలుగా వాడిన ఎలుగు పైత్యంలో ఇది పుష్కలం. లావెక్కిన మధుమేహ ఎలుకల్లో చక్కెర అదుపులోకి వచ్చింది, కాలేయంలో కొవ్వు తగ్గింది. శాస్త్రలోకం ఉత్సాహపడింది.

2010లో మనుషుల మీద ఫలితం వచ్చింది. ఊబకాయం ఉన్న 20 మందిలో కొందరికి నాలుగు వారాలు టీయూడీసీఏ, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. టీయూడీసీఏ తీసుకున్నవారి కాలేయంలో, కండరంలో ఇన్సులిన్ పనితీరు సుమారు 30 శాతం మెరుగైంది. బాగానే ఉంది. కానీ కండరంలోనూ కొవ్వులోనూ ఈఆర్ ఒత్తిడి గుర్తులను కొలిస్తే అవి మారలేదు. మందు పనిచేసింది, అనుకున్న దారిన పనిచేసిందని మాత్రం చెప్పలేకపోయారు. ఈ రెండో వాక్యం దుకాణాల ప్రచారంలో ఎక్కడా కనిపించదు. ఇవాళ జిమ్‌కు వెళ్లే కుర్రవాళ్లు ‘లివర్ సపోర్ట్’ పేరిట అదే టీయూడీసీఏ సీసాలు ఆన్‌లైన్‌లో కొంటున్నారు. ఇరవై మంది, నాలుగు వారాలు. అంత చిన్న పునాది మీద అంత పెద్ద మేడ.

ఇవే రెండు రసాయనాలను కలిపి ఏఎల్‌ఎస్ అనే ప్రాణాంతక నరాల జబ్బుకు మందుగా తెచ్చిన కథ ఇంకా బాధాకరం. ఈఆర్ ఒత్తిడిని, మైటోకాండ్రియా లోపాన్ని తగ్గించి నరకణాలను కాపాడుతుందన్నది ఆలోచన. 137 మందిపై జరిగిన తొలి పరీక్షలో జబ్బు కాస్త నెమ్మదించినట్టు కనిపించింది. వేరే ఆశ లేని రోగుల విజ్ఞప్తుల మధ్య 2022 సెప్టెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. రెలివ్రియో పేరుతో వచ్చిన ఆ మందు ఖరీదు ఏడాదికి దాదాపు 1,58,000 డాలర్లు. 2024 మార్చిలో 664 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. మందుకూ ఉత్తుత్తి మందుకూ తేడా లేదు. మరుసటి నెలలోనే కంపెనీ తనంతట తానే మందును వెనక్కి తీసుకుంది. ఆ నిజాయితీని మెచ్చుకోవాల్సిందే. మడత ఒత్తిడి సిద్ధాంతం తప్పని ఈ ఓటమి రుజువు చేయలేదు. ఎలుకలో నడిచిన తర్కం మనిషిలో నడుస్తుందని సిద్ధాంతం హామీ ఇవ్వదని మాత్రం చూపింది.

కాపలాదారులను నేరుగా అదుపు చేద్దామంటే వేరే చిక్కు. ప్రియాన్ జబ్బు సోకిన ఎలుకల్లో పెర్క్‌ను అడ్డుకునే మందు మెదడును కాపాడింది, క్లోమాన్ని దెబ్బతీసింది. ఎక్స్‌బీపీ1ను అణిచేద్దామా? యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు అది లేనిదే ఏర్పడవు. ఏ ఈఆర్ ఒత్తిడీ లేకుండానే, క్రిములు తగిలినప్పుడు మాక్రోఫేజ్‌లు ఐఆర్‌ఈ1, ఎక్స్‌బీపీ1లను వాడుకుంటాయని 2010లో తేలింది. అంటే ఈ తీగలు మడతల కోసమే వేసినవి కావు, రోగనిరోధక వ్యవస్థ వాటినే తన రోజువారీ పనులకూ వాడుకుంటోంది. ఒక కణజాలంలో ఎక్స్‌బీపీ1 కనబడగానే ‘ఇదిగో ఈఆర్ ఒత్తిడి’ అని రాసేసే పరిశోధనా పత్రాలను కాస్త అనుమానంతో చదవాలనడానికి కారణం ఇదే.

మరి మందు సంగతి వదిలేసి వాపునే అణిచేస్తే? అదీ చేసి చూశారు. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న 10,061 మందికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే ఖరీదైన ఇంజెక్షన్‌తో జరిగిన క్యాంటోస్ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. సీఆర్‌పీ బాగా తగ్గింది. మధ్యస్థ మోతాదులో గుండెపోటు, పక్షవాతం వంటివి 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. వీరిలో మధుమేహం అంచున ఉన్నవారు ఏళ్ల తరబడి వాపు తగ్గి ఉన్నా మధుమేహంలోకి జారిపోవడం మాత్రం ఆగలేదు. 2018లో వచ్చిన ఈ చివరి ఫలితం మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. రోడ్డు మీది ధర్నాను పోలీసులు చెదరగొట్టారు. కళ్లంలో ధాన్యం అలాగే ఉంది. వాపు మందులు పనికిరావని కాదు. గుండె రక్తనాళాల జబ్బులో కోల్చిసిన్ అనే పాత, చవక మాత్ర చిన్న మోతాదులో మేలు చేసిందన్న రుజువు ఉంది. కీళ్లవాతంలో, పేగు వాపులో వాటిని ఆపితే మనిషి మంచం పడతాడు. మధుమేహం దగ్గర మాత్రం అలారం గొంతు నొక్కడం వల్ల ఒరిగింది తక్కువ.

భారం తగ్గిస్తే ఏమవుతుందన్నదానికి చిన్నదే అయినా ఒక మానవ సాక్ష్యం ఉంది. తీవ్ర ఊబకాయం ఉన్న 11 మందికి గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేసి, అంతకుముందు, ఏడాది తర్వాత కొవ్వు, కాలేయపు ముక్కలు తీసి చూశారు. బరువు తగ్గాక ఈఆర్ ఒత్తిడి గుర్తులు తగ్గాయి, ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. 2009 నాటి ఈ ఫలితాన్నీ పదకొండు మందికే పరిమితమైనదిగానే చూడాలి. టీయూడీసీఏ పరీక్షకు ఒక కొలబద్ద, దీనికి ఇంకొకటి పెడితే న్యాయం కాదు. తేడా ఒక్కటే: ఇక్కడ ఒత్తిడి గుర్తులు నిజంగా కదిలాయి.

పసుపు సంగతి కూడా చెప్పుకోవాలి, తెలుగింట ఈ మాట రాగానే ముందు గుర్తొచ్చేది అదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2005లో మధుమేహ ఎలుకలకు మేతలో పసుపు, కుర్కుమిన్ కలిపి పెట్టింది. కంటిశుక్లం రావడం ఆలస్యమైంది. అది మంచి, నిజాయితీగల ప్రయోగం. రక్తంలో చక్కెర తగ్గలేదని కూడా ఆ పత్రమే స్పష్టంగా రాసింది. కంటి కటకంలోని ప్రొటీన్లు జీవితాంతం మారవు, అక్కడ ఆల్ఫా క్రిస్టలిన్ అనే ఛాపరోనే వాటిని గుమికూడకుండా కాపాడాలి. నగరంలోని సీసీఎంబీలో చాలా ఏళ్లు ఈ ప్రొటీన్ మీద లోతైన పని జరిగింది. కూరలో చిటికెడు పసుపుకు ఎవరూ అడ్డు చెప్పరు. మాత్రగా మింగిన కుర్కుమిన్ రక్తంలోకి చేరేది బహు స్వల్పం అన్నది మాత్రం డబ్బా మీద రాయరు.

మన దేశంలో ఈ ప్రశ్నకు వేరే పదును ఉంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మంది దాని అంచున. వీరిలో చాలామంది చూడటానికి లావుగా ఉండరు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కనే నిలబడి దిగిన ఫొటోను 2004లో లాన్సెట్ ప్రచురించింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు తూగితే, ఇంగ్లండ్‌లో పుట్టినవారు 3.5 కిలోలు తూగారు. కండ, ఎముక తగ్గినంతగా చర్మం కింది కొవ్వు మన పిల్లల్లో తగ్గలేదని యాజ్ఞిక్ బృందం 2003లో చూపింది. కొవ్వు దాచుకోవడానికి చోటు తక్కువున్న శరీరంలో కాలేయం, క్లోమం త్వరగా భారమవుతాయన్న ఊహ దీనికి సరిగ్గా అతుకుతుంది. అతకడం వేరు, రుజువు కావడం వేరు.

ఆ రుజువు కోసం లావెక్కిన ఎలుకలూ, విదేశీ ఆపరేషన్ థియేటర్లూ సరిపోవు. సన్నగా కనిపించే మన మధుమేహ రోగి కొవ్వు కణంలో ఎక్స్‌బీపీ1 కత్తెర ఎంత పదునుగా ఉందో, పెర్క్ ఎన్నేళ్లుగా మేల్కొని ఉందో ఇక్కడి కణజాలంలోనే చూడాలి. అందుకు కొత్త ఆపరేషన్లు చేయనక్కర్లేదు. పిత్తాశయం, హెర్నియా, సిజేరియన్ ఆపరేషన్లు జిల్లా ఆసుపత్రుల్లో రోజూ జరుగుతున్నాయి. రోగి అనుమతితో వేలి గోరంత కొవ్వు ముక్క తీసి, వెంటనే చల్లబరిచి, చక్కెర, నడుము కొలతల వివరాలతో భద్రపరిచే ఏర్పాటు ఉంటే చాలు. ఫ్రీజరుకు నిరంతరం కరెంటు, రోగికి అర్థమయ్యే తెలుగులో అనుమతి పత్రం, ఐదేళ్ల తర్వాత మళ్లీ పిలిచి చూసే ఓపిక కావాలి. సీసాల మీద జనం ఖర్చుపెడుతున్నదానితో పోలిస్తే ఇది పెద్ద మొత్తమేమీ కాదు. పుణె పాపాయి ఒంట్లోని ఆ కొవ్వు కణం పుట్టిన రోజు నుంచే ఒత్తిడిలో ఉందా, లేక నలభై ఏళ్ల తిండీ, చాలని నిద్రా, కూర్చుని చేసే ఉద్యోగమూ దాన్ని అక్కడికి చేర్చాయా అన్నది ఆ ముక్కల్లోనే తేలాలి.